గబ్బిలములును మన ధర్మమును

ఇంటిలో గబ్బిలము దూరినచో కీడు మూడునని నమ్మినవారు మన పెద్దలలో పలువురు. ఇప్పటికిని ఆ నమ్మకము పూర్తిగా పోలేదు. పాడుపడిన లోగిలిని గుఱించి చెప్పవలసినప్పుడు అందులో గబ్బిలములు కాపురమున్నవనుట మన నోటికి అలవాటైన మాట. కాకిని ఛీకొట్టినను తద్దినమునాడు దానిని పిలిచి పిండము పెట్టుదుము. పామును చూచి పరుగెత్తినను నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుదుము. గబ్బిలమునకట్టి దినము మన పంచాంగములో నొక్కటియు లేదు. పగటివేళ తలక్రిందుగా వ్రేలాడుననియు, రాత్రివేళ తిరుగుననియు, మొగము చూచుటకు బాగుండదనియు చెప్పుటయే గాని దానిపై మోపదగిన నేరము వేఱొకటి మన యొద్ద లేదు.

పిల్లలకు చెప్పు కథ యొకటి కలదు. పక్షులకును మృగములకును యుద్ధము వచ్చెననియు, గబ్బిలము గెలుచువారి పక్షమున చేరుచు, ఒకమాఱు ఱెక్కలు చూపి పక్షిననియు, వేఱొకమాఱు పండ్లు చూపి మృగముననియు చెప్పుకొనెననియు, తుదకు ఉభయులును వెలివేయగా చీకటిలో తిరుగుచున్నదనియు ఆ కథ. కథ వినోదముగనే యున్నది. కాని యొక ప్రాణి మనము గీచిన గీతలలో ఇముడనంతమాత్రమున ద్రోహి యెట్లగును? గబ్బిలము పిల్లను కని పాలిచ్చి పెంచు జంతువు. దాని ఱెక్క పక్షిఱెక్క కాదు. మన చేతిలోనున్నట్టి వ్రేళ్ల యెముకలే మిక్కిలి పొడవుగా సాగి, వాని నడుమ పలుచని తోలు పఱచుకొనినది. అమరసింహుడు తన నిఘంటువులో దీనికి 'అజినపత్ర' యను పేరు చెప్పినాడు; తోలే ఱెక్కలుగా గలదని యర్థము. శకునము చెప్పువారికంటె ఆ నిఘంటుకారుడు దానిని నిదానముగా చూచినాడని మా యభిప్రాయము.

గబ్బిలము గ్రుడ్డిదనుటయు నిజము కాదు. దానికి చూపు కలదు. అయితే చూపు లేకుండ చేసినను అది గదిలోని దారములను తాకక యెగురుటను ఇటలీ దేశస్థుడగు స్పల్లాంజానీ 1793లో కనుగొని ఆశ్చర్యపడెను. చెవులు మూసినచో మాత్రము అది అడ్డములను గ్రుద్దుకొనునని జూరీన్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు చూపెను. ఇందులోని మర్మము 1938 వఱకు తేలలేదు. ఆ యేట అమెరికాలో గ్రిఫిన్, పియర్సు అనువారు, మన చెవికందని ధ్వనులను గబ్బిలములు చేయుచుండుటను యంత్రసహాయమున పట్టుకొనిరి. సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వని మనకు వినబడదు. కీటకములు తిను గబ్బిలములు తఱచుగా అంతకంటె హెచ్చైన స్వరమున అఱచుచు, ప్రతిధ్వనినిబట్టి త్రోవయు ఆహారమును తెలిసికొనును. మన పెరటిలో రాత్రియంతయు ఇట్టి కోలాహలము జరుగుచుండగా మనమది నిశ్శబ్దమనుకొని నిద్రించుచున్నాము.

అయినను ఈ వ్యాసమున జంతుశాస్త్రము బోధింపవలెనని మేము పూనుకొనలేదు. మేమడుగదలచినది ధర్మమును గుఱించిన ప్రశ్న. మనకుపకారము చేయు ప్రాణిని కాపాడుట వివేకమే. అందులో వివాదము లేదు. మనకు రోత పుట్టించునదియు, మన లెక్కలో ఉపయోగము లేనిదియు నగు ప్రాణికి మనపై హక్కేమైన గలదా? ఈ ప్రశ్నకు మన దక్కను అడవులలోని గబ్బిలములకంటె తగిన యుదాహరణము మాకు తోచలేదు.

మన పీఠభూమిలోని యడవులు మలబారు అడవులవంటివి కావు. ఏటికి నాలుగు నెలలు వాన. తక్కిన కాలమంతయు ఎండ. నల్లమలలో గాని ఆదిలాబాదు కొండలలో గాని శిశిరము వచ్చుసరికి టేకు, నల్లమద్ది మొదలగు చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుచును. క్రొత్తగా చూచినవాడు అడవి చచ్చినదనుకొనును. అట్టి సమయముననే ఇప్పచెట్టు పూచును. ఆ పువ్వు రాత్రి విచ్చును. తెల్లవాఱునప్పటికి కండగల తియ్యని రేకులు నేల రాలును. గోండులును కోయలును బుట్టలు పట్టుకొని ఏరుకొనునవి ఆ రేకులే. కాని వారు వచ్చుటకు ముందే అచ్చట వేఱొక పని జరిగిపోయినది. చీకటి పడగానే గబ్బిలములు వచ్చి, ఆ రేకులను తినుచు, మొగమునకు పుప్పొడి పూసికొని చెట్టునుండి చెట్టునకు పోవును. కాయ కట్టిన పిదప మరల వచ్చి, పండ్లను నోట కఱచుకొనిపోయి, గుజ్జు తిని గింజను దూరముగా విడిచిపెట్టును. ఇప్పగింజల నూనెతో దీపము పెట్టుకొనిన కుటుంబములెన్నియో మన కొండలలో నుండెడివి. ఆ గింజకును గబ్బిలమునకును గల బాంధవ్యమును మన బడిపుస్తకములు చెప్పలేదు.

మఱ్ఱి, రావి, మేడి, జువ్వి చెట్ల మాటయు నిట్టిదే. ఈ పండ్లలోని గింజలు ఆవగింజకంటె చిన్నవి. పక్షులు వీనిని తిని తఱచుగా కొమ్మమీద వాలి రెట్ట వేయును. గబ్బిలము ఎగురుచుండగనే విడుచును. కావున చెట్టు లేని బోడిగుట్టమీదను, కొట్టివేసిన యడవిలోను, బీడుపడిన చేనిలోను గింజ పడుటకు గబ్బిలమొక ముఖ్యకారణము. వేపపండ్లను సైతము మన ప్రాంతపు పండ్లగబ్బిలములు ఆసక్తితో తినును. పడమటి గోడ పగులులో మొలచిన రావిమొక్కను పెఱికివేయుచు గృహస్థుడు విసుగుకొనును గాని, అదే విత్తనము గుట్టమీద పడినచోట నూఱేండ్లలో నెంత నీడ యగునో ఆలోచింపడు.

గబ్బిలమనగా ఒకటే జాతియని తలచువారు పెక్కురు. లోకములో 1,400కు పైగా జాతులు గలవు. పాలిచ్చు జంతువుల జాతులలో దాదాపు ఐదవవంతు గబ్బిలములే. భరతఖండమున 130కి తక్కువ గాకుండ నున్నవి. వానిలో పండ్లు తినునవి కొలదియే, తక్కినవన్నియు కీటకభక్షకములు. చింతచెట్లమీదను మఱ్ఱిచెట్లమీదను వందలుగా వ్రేలాడు పెద్దగబ్బిలము ఱెక్కలు చాచినచో నాలుగడుగులుండును. పెంకుటింటి సందులలో నుండు చిఱుగబ్బిలము తూకమున మూడు నాలుగు గ్రాములు. ఒకటి తాటియాకుల క్రింద కాపురముండును. మఱియొకటి కోటగోడల బీటలలో దాగును. నారింజవన్నెయు నలుపును గల ఱెక్కలతో చిత్రవస్త్రమువలె మెఱయునదొకటి ఎండిన అరటియాకులలో ముడుచుకొని పరుండును. కప్పలను, ఎలుకలను వేటాడు జాతియు మన దేశమున నున్నది. రక్తము త్రాగు జాతులు లోకమున మూడే. అవి అమెరికాఖండమున దక్క వేఱెచ్చటను లేవు.

ఇక ఉపయోగమును గుఱించి. కీటకములు తిను గబ్బిలమొక్క రాత్రిలో తన బరువులో సగమువఱకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పురుగులను తినగలదు. దీని విలువ యెంతయో అమెరికా దేశము కష్టపడి నేర్చుకొనినది. అచ్చట 2006లో న్యూయార్కు ప్రాంతపు గుహలో గబ్బిలముల ముక్కులపై తెల్లని బూజు కనబడెను. ఆ బూజు శీతకాలమున నిద్రించు గబ్బిలములను లక్షలకొలది చంపినది. గబ్బిలములు పోయిన జిల్లాలలో రైతులు పురుగుమందుల వాడుకను నూటికి 31 వంతులు పెంచిరనియు, ఆ జిల్లాలలోనే శిశుమరణములు నూటికి 8 వంతులకు దగ్గఱగా హెచ్చెననియు 2024లో ఫ్రాంక్ అను అర్థశాస్త్రవేత్త లెక్కకట్టి ప్రకటించెను. గబ్బిలము చచ్చుటకును ఊయలలోని బిడ్డ చచ్చుటకును నడుమ ఇంత దగ్గఱ దారి యుండునని ఎవరనుకొనిరి?

ఈ లెక్క చదివినవారికి గబ్బిలముపై గౌరవము కలుగును, కలుగవలసినదే. కాని లెక్కమీద నిలిచిన గౌరవము లెక్కతోనే పడిపోవును. రేపు హానిలేని పురుగుమందొకటి పుట్టినదనుకొందము. అప్పుడు గబ్బిలమును చంపవచ్చునా? ఇంటిలోని వృద్ధులకు అన్నము పెట్టునప్పుడు వారు చేసిన పనిని తూచి పెట్టుదుమా? వృద్ధులు మన రక్తసంబంధులు, గబ్బిలములు కావు గదా యందురేని, ఆ మాట నిజమే. బంధుత్వమును చూపి ఈ చిక్కును విడదీయుట మా యుద్దేశము కాదు. ఉపయోగమొక్కటే కొలబద్దయైనచో దానికి అందకుండ పోవు ప్రాణులున్నవనుటయే మా మాట. అట్టి దానినొకదానిని చూపెదము.

కోలారు జిల్లాలో హనుమనహళ్లి యను గ్రామము కలదు. ఆ సీమ కర్ణాటకమున చేరినదైనను అచ్చట తెలుగు మాటాడువారు పెక్కుమంది. చిత్తూరు కొండలకది పొరుగు. గ్రాణైటు గుట్టలు, ముండ్లపొదలు, అచ్చటచ్చట చెఱువులు, ఇదియే ఆ భూమి స్వరూపము. ఆ గ్రామపు గుహలలో నివసించు ఆకుముక్కు గబ్బిలమునకు 1994లో శాస్త్రజ్ఞులు ప్రత్యేకజాతిగా పేరు పెట్టిరి. దాని ముక్కుచుట్టును ఆకువంటి తోలుమడతలు గలవు. నోటితో గాక ముక్కుతో అఱచు ఈ కుటుంబపు గబ్బిలములకు ధ్వనిని ఒకవైపునకు త్రిప్పుటకు అవి సాధనములు. మనము వికారమనుకొను మొగమట్టి పనిముట్టు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తరువాతి కాలమున ఆ గుట్టలను వెదకి చూచిరి. మొదట రెండు గుహలలో నుండెడి ఆ జాతి ఒక గుహలో పూర్తిగా లేకుండపోయినది. మిగిలిన యొక్క గుహలో 200కు మించి లేవని వారి లెక్క. లోకములో వేఱెచ్చటను ఆ జాతి కనబడలేదు. 2016లో దానిని అత్యంత ప్రమాదమునందున్న జాతుల పట్టికలో చేర్చిరి.

గుహకు వచ్చిన ముప్పు రాతిత్రవ్వకములవలన. గుహ గ్రాణైటు గుట్టలో నున్నది. గ్రాణైటునకు బజారులో వెల కలదు. మందుగుండు పెట్టి రాతిని పగులగొట్టినచో గుహ అదరును, చీలును, తుదకు కూలును. మన వంటయింటి గట్టుమీది నున్నని నల్లరాయి యేదో యొక గుట్టనుండి వచ్చినదే. ఆ గుట్టలో నేముండెడిదో మనలో నెవ్వరును దుకాణదారు నడుగలేదు. కర్ణాటక అటవీశాఖవారు గుహ చుట్టునున్న సుమారు 30 ఎకరములను రక్షితప్రదేశముగా ప్రకటించినారు. అది మంచిపని.

ఇప్పుడు లెక్క వేయుడు. ఈ రెండువందల గబ్బిలములు తిను పురుగులెన్ని? అవి తినకున్నను కోలారు రైతునకు ఒక బస్తా ధాన్యము తగ్గదు. ఇవి నశించినచో అమెరికాలోవలె శిశుమరణములు పెరుగవు. ఆ గుట్టలోని రాయిని అమ్మినచో మాత్రము సొమ్ము వచ్చును. లాభనష్టముల చిట్టా ప్రకారము తీర్పు తేలికయే.

దీనికి తోడు బలమైన ఆక్షేపణయు నొకటి కలదు. రాయి కొట్టి బ్రదుకు కూలివాని మాటేమి? మనుష్యులు పస్తులుండగా గబ్బిలములేల? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయువారితో మేమేకీభవింపము. గుహను కాపాడుమనువాడు ఆ కూలివాడు రేపటినుండి ఎచ్చటికి పోవలెనో కూడ చెప్పవలసియున్నాడు. అయితే ఇందులో నొక భేదమును గమనింపవలెను. కూలివానికి కావలసినది పని. అది మఱియొక గుట్టమీద నైనను, మఱియొక వృత్తిలోనైనను దొరకవచ్చును. ఆ గుట్టయే కావలెనని పట్టుబట్టువాడు దానిని కవులునకు తీసికొనినవాడు. పస్తులున్నవాని పేరు ముందుంచి మాటాడునది తఱచుగా అతడే. గబ్బిలమునకు మాత్రము ఆ గుహ తప్ప వేఱు చోటు లేదు. ఒకరికి మాఱుచోటు చూపవచ్చును, మఱియొకదానికి చూపలేము; ఈ రెండింటిని ఒకే త్రాసులో పెట్టి సమానమనుట న్యాయము కాదు.

సరే, ఎందుకు కాపాడవలెను? మాకు తోచిన సమాధానమిది. ఆ గుహలో తల్లి యేటికొక పిల్లను కనును. అనేకములగు పిల్లలలో తన పిల్లను ధ్వనిచేతను వాసనచేతను గుర్తుపట్టి పాలిచ్చును. దానికి భయము కలదు, ఆకలి కలదు, ఇల్లు కలదు. దాని బ్రదుకు దానికి ప్రియము. ఈ సంగతి మన రోతవలన తగ్గదు, మన లాభమువలన పెరుగదు. శకునము చూచువాడును, లాభము చూచువాడును గబ్బిలమును చూచుట లేదు. ఇద్దరును తమ్మునే చూచుకొనుచున్నారు. మనము చేయనేరని దానిని, చెఱచినచో మరల తేలేని దానిని, అడ్డము లేదు గదాయని చెఱచుటకు మనకధికారమిచ్చినవారెవరు? ఈ యధికారము మనకు గలదనువారే ఋజువు చూపవలెను గాని గబ్బిలము తన ప్రయోజనమును ఋజువు చేసికొనవలసిన పని లేదు.

ఈ విధమైన తీర్పులకు మన సమాజమెంత అలవాటుపడినదో చదువరులకు తెలియనిది కాదు. ప్రయాణమునకు బయలుదేఱునప్పుడు వితంతువెదురైన వెనుదిరిగినవారము మనము. గుఱ్ఱము జాషువ 1941లో ప్రకటించిన 'గబ్బిలము' కావ్యమున, గుడి తలుపు తనకు మూసియుండగా ఒక నిరుపేద, తన మొఱను శివునకు విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. గుడిలో దానికి చోటున్నది, మనుష్యునకు లేదు. మనుష్యులను గబ్బిలములతో పోల్చుట మా యుద్దేశము కాదు. తీర్పు చెప్పు నోరొకటే యనుట మా యుద్దేశము. మనుష్యునిమీది కరుణకును ప్రాణిమీది కరుణకును విరోధము గలదనువారు ఆ కావ్యమును మరల చదువుట మంచిది.

రోగముల మాట యెత్తక పోరాదు. 2018లో కేరళమున నిపా జ్వరమువలన 17 మంది మరణించిరి. ఆ రోగకారకమునకు పెద్దగబ్బిలములు స్థావరములనుట నిజము. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు మన దేశమున కొన్నిచోట్ల గబ్బిలములున్న చెట్లను కొట్టివేయుడని జనులు కోరిరి. భయమును మేము తప్పుపట్టము. గబ్బిలము కొఱికిన పండును తినకుండుట, చచ్చినదానిని చేతితో తాకకుండుట, కీళ్లనొప్పులకు దాని నూనెయు ఉబ్బసమునకు దాని మాంసమును మందనెడి నాటువైద్యమును మానుట అవసరమే. చెట్టు కొట్టుట మాత్రము మందు కాదు. ఆస్ట్రేలియాలో హెండ్రా రోగము గబ్బిలములనుండి గుఱ్ఱములకు, గుఱ్ఱములనుండి మనుష్యులకు వచ్చుచుండెను. శీతకాలమున పూచు అడవులు తగ్గి ఆహారము దొరకని యేండ్లలో గబ్బిలములు పొలములకు చేరువైనవనియు, అప్పుడే రోగము హెచ్చినదనియు, అడవి పూచిన శీతకాలమున అవి మరల దూరముగా పోయినవనియు 2022లో ప్రకటింపబడిన పరిశోధనము చెప్పుచున్నది.

మన గ్రామములలో నీ ధర్మమునకు చోటెచ్చట? మొదట పాత దేవాలయములలో. ఎండుసీమలో సహజగుహలు తక్కువ. గోపురములు, మండపములు, కోటలు, దిగుడుబావులు గబ్బిలములకు గుహలైనవి. జీర్ణోద్ధరణమని చెప్పి బీటలన్నియు ఒక్కనాడు సిమెంటుతో పూడ్చుదురు. రాత్రియంతయు గోపురముపై పెద్దదీపముల వెలుగు పఱపుదురు. పిల్లలు పాలు త్రాగు నెలలలో ఈ పని జరిగినచో తల్లులు బయట, పిల్లలు లోపల. ఈ మాట ధర్మకర్తలలో నెందఱకు తట్టును? గర్భగుడిని శుభ్రముగా నుంచుకొనుటకెవ్వరు నడ్డము రారు. పని మొదలుపెట్టుటకు ముందు నాలుగు సాయంకాలములు గోపురము క్రింద నిలువబడి యే బీటలోనుండి గబ్బిలములు వెడలుచున్నవో చూచుట ఖర్చులేని పని. తమిళదేశమున కొన్ని గ్రామములవారు తమ చెట్లమీది గబ్బిలములు బెదరునని దీపావళినాడు టపాకాయలు కాల్చుటయే మానుకొనిరి. వారికెవరును శాస్త్రము చెప్పలేదు.

పండ్లతోటల చిక్కు ఇంతకంటె గట్టిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఎలుకలతోను కాకులతోను జోడించి పండ్లగబ్బిలములను హానికరజంతువుల షెడ్యూలులో చేర్చినది. కావున ఏబదియేండ్లు వానిని చంపినవానికి దండన లేకుండెను. 2022లో చేసిన సవరణమువలన ఆ షెడ్యూలు పోయినది. పెద్దగబ్బిలము రక్షింపదగిన ప్రాణుల రెండవ షెడ్యూలులోనికి ఎక్కినది. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. తోటకాపునకు ఆ యేటను పూర్వపు రాత్రులవలెనే జామపండ్లు నష్టమైనవి. అతడు తోటపై వల కప్పవలెను. వల బిగువుగా కట్టనిచో గబ్బిలము చిక్కుకొని చచ్చును. మంచి వలకు సొమ్ము కావలెను. పట్టణములలో కూర్చుండి గబ్బిలమునకు హక్కు గలదని వ్రాయు మావంటివారును, చదువు మీవంటివారును ఆ వల వెలలో కొంత పంచుకొనుటకు సిద్ధపడుదుమా? జామపండు వెల మఱి రెండణాలు పెరిగినచో బేరమాడక చెల్లింతుమా?